అద్దం దగ్గరే ఆగిపోయే ఎండ

విశాఖలో ఇగ్వానానో బియర్డెడ్ డ్రాగన్‌నో పెంచుకునే ఇంట్లో గాజు పెట్టెకి సాధారణంగా దొరికే చోటు తూర్పు కిటికీ పక్కనే. తెల్లవారగానే సముద్రం మీంచి ఎండ నేరుగా పెట్టెలో పడుతుంది. బల్లి కొమ్మ మీదకి పాకి, ఒళ్ళు పరుచుకుని, కళ్ళు సగం మూసుకుని ఎండ కాగుతుంది. చూసినవాళ్ళెవరైనా దీనికేం లోటు లేదనే అనుకుంటారు. ఎండలో ఆ జీవికి అన్నిటికన్నా అవసరమైన భాగం మాత్రం కిటికీ అద్దం దగ్గరే ఆగిపోయి ఉంటుంది.

మామూలు కిటికీ అద్దం వెలుతురును పోనిస్తుంది, వేడిని పోనిస్తుంది, అతినీలలోహిత కిరణాల్లో యూవీ-ఏ అనే భాగాన్ని కూడా చాలావరకు పోనిస్తుంది. యూవీ-బీని, అంటే 280 నుంచి 315 నానోమీటర్ల మధ్య తరంగదైర్ఘ్యం ఉన్న కిరణాలను, దాదాపు పూర్తిగా పీల్చేసుకుంటుంది. ఆపైన పెట్టెకున్న గాజు మరో అడ్డు. యూవీ-బీ మన కంటికి కనిపించదు కాబట్టి అది ఆగిపోయిందన్న సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. నెలలు గడిచాక బల్లి ఎముకల్లో తెలుస్తుంది.

ఎముకకీ ఆ కిరణానికీ సంబంధం చర్మంలో మొదలవుతుంది. చర్మంలో 7-డీహైడ్రోకొలెస్టరాల్ అనే పదార్థం ఉంటుంది. యూవీ-బీ తగలగానే దాని అణువులో ఒక వలయం తెగి ప్రీవిటమిన్ డీ3గా మారుతుంది. కిరణం పని అక్కడితో సరి. తర్వాతి మెట్టుకి కావాల్సింది వేడి. ఒంటి వెచ్చదనానికి ప్రీవిటమిన్ నెమ్మదిగా విటమిన్ డీ3 అవుతుంది. అది రక్తంలో కాలేయానికీ, ఆ తర్వాత మూత్రపిండాలకీ చేరి, రెండుచోట్లా మార్పు చెంది, తిన్న కాల్షియాన్ని పేగుల్లోంచి ఒంటికి పట్టించే హార్మోన్‌గా తయారవుతుంది. మనలోనూ ఇదే దారి. కాకపోతే మన ఒంటి వేడి ఎప్పుడూ 37 డిగ్రీల దగ్గరే ఉంటుంది. బల్లికి ఆ సదుపాయం లేదు, తన వేడిని బయటినుంచి తెచ్చుకోవాలి. అమెరికాలో మైకేల్ హోలిక్ బృందం 1995లో ప్రచురించిన పరిశోధనలో, 25 డిగ్రీల దగ్గర ఇగ్వానా చర్మంలోని ప్రీవిటమిన్‌లో సగం విటమిన్‌గా మారడానికి 8 గంటలు పట్టింది. అదే మార్పు చర్మం బయట, హెక్సేన్ ద్రావణంలో జరగడానికి 72 గంటలు పట్టింది. అంటే చల్లని రక్తపు జీవుల చర్మం ఈ పనిని వేగిరపరిచే ఏర్పాటు చేసుకుంది. అయినా 8 గంటలంటే ఒక పగలంతా. ఒళ్ళు వేడెక్కిన కొద్దీ ఆ సమయం తగ్గుతుంది. అందుకే ఏసీ గదిలో యూవీ దీపం ఒక్కటే పెట్టి, వెచ్చగా కూర్చునే చోటు ఇవ్వకపోతే పని సగంలోనే ఆగుతుంది. వెలుతురూ వేడీ ఒకే చోట, ఒకేసారి ఒంటి మీద పడాలి. ఆరుబయట ఎండ ఎప్పుడూ రెండూ కలిపే ఇస్తుంది.

విటమిన్ డీ చాలకపోతే కాల్షియం ఎంత తిన్నా ఒంటికి పట్టదు. కానీ రక్తంలో కాల్షియం తగ్గడానికి వీల్లేదు. గుండె, కండరాలు, నరాలు దాని మీదే నడుస్తాయి. తగ్గిన మరుక్షణం పారాథైరాయిడ్ గ్రంథులు రంగంలోకి దిగి ఎముకల్లోంచి కాల్షియం తోడి రక్తంలో పోస్తాయి. ఈ అప్పు తీరే దారి లేక నెలల తరబడి పెరిగితే వచ్చేదే మెటబాలిక్ బోన్ డిసీజ్. బయటికి ఎలా కనిపిస్తుందో దగ్గరనుంచి చూడాలి. ఖాళీ అయిన ఎముక చుట్టూ పీచులాంటి కణజాలం చేరి తొడలు గుండ్రంగా, గట్టిగా కనిపిస్తాయి. కండ పట్టిందని సంతోషించేవాళ్ళున్నారు. కింది దవడ అంచును వేలితో మెల్లగా నొక్కితే గట్టిగా నిలబడదు, వంగుతుంది. నడుస్తుంటే పొట్ట నేలకి రాసుకుంటుంది. ఎక్కుతూ ఎక్కుతూ కొమ్మ మీద పట్టు జారుతుంది. ముందు కాళ్ళ వేళ్ళు వాటంతటవే అదురుతాయి. ఆ దశలో చేత్తో ఎత్తుకున్నా తొడ ఎముక విరగొచ్చు. తొలి రోజుల్లో గుర్తిస్తే జబ్బును ఆపొచ్చు. ఒకసారి వంగిన వెన్ను మాత్రం మళ్ళీ నిటారు కాదు.

ఇంత హింస ఎవరూ కావాలని పెట్టరు. ప్రేమగా పెంచుకుంటున్న ఇంట్లోనే, అన్నీ సవ్యంగా ఉన్నాయనుకుంటుండగానే జరుగుతుంది. కాబట్టే దీని గురించి వివరంగా చెప్పుకోవాలి.

విటమిన్ పొడి తిండి మీద చల్లితే చాలదా అన్న ప్రశ్న సహజం. నెదర్లాండ్స్‌లో ఊనింక్స్ బృందం 2010లో బియర్డెడ్ డ్రాగన్ పిల్లల మీద దీన్ని పరీక్షించింది. కొన్నిటికి నోటి ద్వారా డీ3 ఇచ్చారు, కొన్నిటిని యూవీ-బీ దీపం కింద పెంచారు. రక్తంలో నిల్వ ఉండే డీ3 రూపం దీపం కింద పెరిగినవాటిలో 18 రెట్లు ఎక్కువగా తేలింది. ఇగ్వానా సంగతి ఇంకా స్పష్టం. అది ఆకులు తినే జీవి. దాని సహజమైన తిండిలో డీ3 లేనట్టే, ఎండ నుంచి సంపాదించుకోవడమే దానికి తెలిసిన దారి. పొడితో మరో చిక్కు ఉంది. మోతాదు మించితే ఒంట్లో కాల్షియం పేరుకుని మెత్తటి అవయవాలు గట్టిపడతాయి. ఎండతో ఆ ప్రమాదం లేదు. చర్మంలో ప్రీవిటమిన్ తగినంత చేరాక అదే వెలుతురు మిగిలినదాన్ని లూమిస్టెరాల్, టాకిస్టెరాల్ అనే పనికిరాని రూపాలుగా మార్చేస్తుంది. ఎండ ఎంత కాగినా విటమిన్ డీ విషమయ్యే ప్రశ్నే రాదు. వడదెబ్బ వేరే సంగతి, దాని దగ్గరికి వస్తాను.

ఎండను బల్లి ఎలా వాడుకుంటుందో నేర్చుకోవడానికి గ్రంథాలు అక్కర్లేదు, మన ప్రహరీ గోడ మీది తొండ చాలు. పొద్దున్న గోడ మీదకి వచ్చినప్పుడు దాని ఒళ్ళు ముదురు రంగులో ఉంటుంది, ముదురు రంగు వేడిని ఎక్కువ పీల్చుకుంటుంది కాబట్టి. పక్కటెముకలు విప్పార్చి ఒంటిని పలచగా చేసి, వీపు వెడల్పంతా సూర్యుడికి ఎదురుగా పెడుతుంది. ఒళ్ళు కాగిన కొద్దీ రంగు లేతబడుతుంది. తర్వాత తలను సూర్యుడి వైపు తిప్పి, ఎండ తగిలే భాగాన్ని తగ్గించుకుంటుంది. ఇంకా కాగితే నోరు తెరుస్తుంది, చివరికి నీడలోకి జారుకుంటుంది. కాసేపటికి మళ్ళీ వస్తుంది. ఎండా నీడా పక్కపక్కనే ఉండి, వాటి మధ్య తిరిగే స్వేచ్ఛ ఉంటే తొండ తన కొలత తాను చూసుకుంటుంది. పెట్టెలోని బల్లికి మనం ఇవ్వాల్సింది కూడా ఇదే: ఒక మూల వేడీ వెలుతురూ, ఇంకో మూల చల్లదనమూ నీడా, మధ్యలో తిరగడానికి చోటు.

తొండ నడినెత్తి మీద, ఒక పొలుసు మధ్యలో లేత రంగు చుక్క ఉంటుంది. అది మూడో కన్ను. ఇగ్వానాకీ, బియర్డెడ్ డ్రాగన్‌కీ, ఉడుముకీ కూడా ఉంది, మన గోడ బల్లికి లేదు. ఆ కంటికి కటకమూ ఉంది, వెలుతురును పసిగట్టే కణాలూ ఉన్నాయి. బొమ్మ మాత్రం కట్టదు. పైనుంచి ఎంత వెలుతురు పడుతోందో, అది ఎప్పుడు పెరిగి ఎప్పుడు తగ్గుతోందో పీనియల్ గ్రంథికి చేరవేసే వ్యవస్థలో అదొక భాగం. ఎంతసేపు ఎండ కాగాలి, పగలు ఎంత పొడవు, గుడ్లు పెట్టే కాలం వచ్చిందా అన్న లెక్కల్లో ఈ సమాచారం కలుస్తుంది. కాబట్టి దీపం పైనుంచే పడాలి. దీనికి మరో కారణం కూడా ఉంది. పైనుంచి పడే వెలుతురుకి బల్లి కనుబొమ గట్టు అడ్డుపడి కన్ను కాపాడుతుంది. పెట్టె పక్కన బిగించిన యూవీ దీపం ఆ గట్టు కిందుగా నేరుగా కంట్లో కొడుతుంది.

పగటి బల్లులు చాలావాటికి మనకు లేని నాలుగో రంగు గ్రాహకం కూడా ఉంది. అది 360 నానోమీటర్ల చుట్టుపక్కల ఉన్న యూవీ-ఏను చూస్తుంది. తోటి బల్లి గొంతు కింది రంగు, పువ్వు మీది గీతలు వాటికి మనకన్నా వేరుగా కనిపిస్తాయి. తెల్లటి ఎల్ఈడీ వెలుతురులో ఆ రంగు ఉండదు. గది మనకి పట్టపగలులా ఉన్నా దానికి చూపులో ఒక భాగం లేనట్టే.

ఎంత యూవీ కావాలన్నది తేల్చడానికి అమెరికా శాస్త్రవేత్త గ్యారీ ఫెర్గ్యూసన్ చాలా కాలం పనిచేశాడు. ఆయన బృందం ఊసరవెల్లుల మీద చేసిన పని నాకు అన్నిటికన్నా ఇష్టం. మడగాస్కర్‌కు చెందిన పాంథర్ ఊసరవెల్లులకు తిండిలో డీ3 తగ్గించి ఇస్తే అవి ఎక్కువ సేపు ఎండలో గడిపాయి. ఎక్కువ ఇస్తే నీడకి తగ్గాయి. ఒంట్లో ఎంత ఉందో ఏదో రీతిన తెలుసుకుని, దానికి తగ్గట్టు ఎండ తీసుకున్నాయి. 2010లో ఆయన మరో పరిశోధన ప్రచురించాడు. 15 జాతుల బల్లులు, పాములు అడవిలో తిరిగే చోట యూవీ సూచీ, అంటే యూవీ బలాన్ని చెప్పే అంకె, ఎంత ఉందో కొలిచి, నాలుగు తరగతులు చేశాడు. సంధ్యవేళ, నీడలో తిరిగేవాటికి సగటున 0.7 లోపు. అప్పుడప్పుడూ ఎండలోకి వచ్చేవాటికి 1 లోపు. ఎండలో, సగం నీడలో కాగేవాటికి 1 నుంచి 2.6 దాకా. నడి ఎండలో తిరిగేవాటికి 3.5 దాకా. బ్రిటన్‌కు చెందిన పశువైద్యురాలు ఫ్రాన్సెస్ బెయిన్స్ బృందం 2016లో ఈ పద్ధతిని 254 జాతులకు వర్తింపజేసి పట్టిక తయారుచేసింది. ఇగ్వానా మూడో తరగతిలోది, బియర్డెడ్ డ్రాగన్‌ది కూడా కాస్త ఇటూ అటూగా అదే స్థాయి. లెపర్డ్ గెకో మొదటి తరగతిది. జంతువు కూర్చునే చోట ఎంత పడుతోందన్నదే ఈ పట్టికలో ప్రాణం. బల్బు ఎన్ని వాట్లన్నది దానికి జవాబు చెప్పదు.

రాత్రి తిరిగే బల్లులకి యూవీ అక్కర్లేదని చాలా కాలం నమ్మారు. ఆ నమ్మకం నిలబడలేదు. మన గోడ బల్లి బంధువైన మధ్యధరా ప్రాంతపు బల్లినీ, పగలు తిరిగే టెక్సాస్ ముళ్ళ బల్లినీ పోల్చి చూసిన పరిశోధన ఒకటి 2000లో వచ్చింది. రెంటికీ ఒకే మోతాదు యూవీ ఇస్తే రాత్రి బల్లి చర్మమే ఎక్కువ విటమిన్ తయారుచేసింది. ట్యూబ్‌లైట్ చుట్టూ పురుగులు పట్టే ఆ జీవికి ఎండ కొద్దిగానే దొరుకుతుంది, సాయంత్రం ఫొటో ఫ్రేము వెనకనుంచి బయటికొచ్చే వేళ, పొద్దున్న తిరిగి దూరే వేళ. ఆ కొద్దినే గట్టిగా వాడుకునేలా దాని పలచటి చర్మం ఏర్పడింది. లెపర్డ్ గెకోల మీద 2018లో జరిగిన పనిలో కూడా రోజుకి రెండు గంటల యూవీ-బీతో నెల తిరిగేసరికి రక్తంలో డీ3 నిల్వ పెరిగింది. వాటికి కావాల్సింది పలచటి వెలుతురు, దాక్కోవడానికి చీకటి గూడు. లెపర్డ్ గెకోల్లో ఆల్బినో, లేత రంగు రకాలు కూడా పుట్టించారు, వాటి కళ్ళు ఇంకా సున్నితం.

లెపర్డ్ గెకో అంటే పెంపుడు బల్లుల్లో ప్రపంచమంతా అమ్ముడుపోయే పేరు. అదే కుటుంబానికి చెందిన ఒక జాతి మన విశాఖ కొండల్లోనే ఉందన్న సంగతి ఊళ్ళో తెలిసినవాళ్ళు తక్కువ. జీషన్ మీర్జా, జ్ఞానేశ్వర్ 2022లో తూర్పు కనుమల నుంచి యుబ్లెఫారిస్ పిక్టస్ అనే కొత్త జాతిని వర్ణించారు. దానికి ఆధారమైన నమూనాల్లో విశాఖ ప్రాంతానిది ఉంది. గోధుమ రంగు ఒంటి మీద చిత్రకారుడు దిద్దినట్టు మచ్చలు, పట్టీలు. పొద్దుగూకాక బయటికొచ్చి అడవి దారుల్లో వేటాడుతుంది. పెట్ వ్యాపారం కోసం పట్టుకుపోయే ముప్పు దీనికి ఉందని పరిశోధకులు ఆనాడే హెచ్చరించారు. దాన్ని పెంచుకోవాలన్న ముచ్చట ఎవరికీ రాకూడదు. కనిపిస్తే దారి ఇవ్వడమే మనం చేయగలిగింది.

ఇక దీపాలు. యూవీ దీపం బల్లుల కోసం పుట్టలేదు, పిల్లల కోసం పుట్టింది. మొదటి ప్రపంచయుద్ధం ముగిశాక బెర్లిన్‌లో కుర్ట్ హుల్డ్‌షిన్స్కీ అనే వైద్యుడు రికెట్స్‌తో కాళ్ళు వంగిన పిల్లలను పాదరస క్వార్ట్జ్ దీపం కింద పడుకోబెట్టి నయం చేశాడు. 1919లో ఆ ఫలితం ప్రచురించాడు. ఒక చేతికి మాత్రమే వెలుతురు తగిలేలా చేసినా రెండో చేతి ఎముక కూడా బాగుపడింది. అంటే చర్మంలో తయారైనదేదో రక్తంలో కలిసి ఒళ్ళంతా పాకుతోందన్నమాట. ఇగ్వానా దవడకీ ఆ పిల్లల కాళ్ళకీ జబ్బు మూలం ఒక్కటే, మందు ఒక్కటే.

ఈ రోజు దొరికే యూవీ ట్యూబులో జరిగేది ఇది. లోపల పలచటి పాదరస ఆవిరిలో విద్యుత్తు ప్రవహిస్తే 254 నానోమీటర్ల తీవ్రమైన కిరణాలు వస్తాయి. గొట్టం లోపల పూసిన పొడి వాటిని పీల్చుకుని కావాల్సిన యూవీ-బీగా, యూవీ-ఏగా, వెలుతురుగా మార్చి వదులుతుంది. గాజు కూడా యూవీ-బీని పోనిచ్చే ప్రత్యేకమైన గాజు. మన ఇంటి ట్యూబ్‌లైట్‌లో పొడి వేరు, గాజు వేరు, అందులోంచి పనికొచ్చే యూవీ-బీ బయటికి రాదు. ఎల్ఈడీ బల్బులో అసలు పుట్టదు. పార్టీల్లో వాడే నీలి బ్లాక్‌లైట్ ఇచ్చేది యూవీ-ఏ మాత్రమే. దుకాణంలో 'రెప్టైల్ బల్బు' అని అమ్మేవాటిలో కొన్ని రంగు వేసిన మామూలు బల్బులే. దీపం అట్టపెట్టె మీద 5.0, 10.0 అని ఉండే అంకెలు మొత్తం వెలుగులో యూవీ-బీ ఎన్ని శాతమో చెబుతాయి. బల్లి వీపు మీద ఎంత పడుతుందో చెప్పవు.

ఎంత పడుతుందన్నది దూరాన్ని బట్టి ఉంటుంది. చిన్న బల్బు నుంచి దూరం రెట్టింపైతే బలం దాదాపు నాలుగో వంతుకి పడిపోతుంది. పొడవాటి ట్యూబు నుంచి అంత వేగంగా పడదు గానీ పడుతుంది. మధ్యలో దోమల మెష్ లాంటి సన్నటి జాలీ ఉంటే మూడో వంతో సగమో అక్కడే పోతుంది. ప్లాస్టిక్ షీటు, గాజు మూత ఉంటే దాదాపు అంతా పోతుంది. ట్యూబు వెనక మెరిసే రిఫ్లెక్టర్ ఉంటే కింద పడే బలం బాగా పెరుగుతుంది. వయసు సంగతి చాలామంది మరిచిపోతారు. ట్యూబు కంటికి నిక్షేపంగా వెలుగుతూనే ఉంటుంది. లోపలి పొడి అరిగి యూవీ-బీ మాత్రం నెలనెలా తగ్గుతూ వస్తుంది, ఆరు నెలల నుంచి ఏడాది లోపు మార్చాల్సిందే. విశాఖలో దీనికి తోడు ధూళి. వన్‌టౌన్‌లో, పోర్టు చుట్టుపక్కల బొగ్గు ధూళి కిటికీ గట్ల మీద పేరుకునే ఇళ్ళలో అది దీపం మీదా, రిఫ్లెక్టర్ మీదా కూడా పేరుకుంటుంది. స్విచ్ ఆపి, చల్లారాక, పొడి గుడ్డతో తుడిస్తే పోయే నష్టం అది. కొలవడానికి సోలార్‌మీటర్ 6.5 లాంటి పరికరాలున్నాయి. నేరుగా యూవీ సూచీ చూపిస్తాయి. ధర ఎక్కువే. నలుగురైదుగురు పెంపకందారులు కలిసి ఒకటి కొనుక్కుంటే ఊరంతటికీ పనికొస్తుంది.

దీపం ఎక్కువైనా కీడే. గాజువాక ఆటోనగర్‌లో, షిప్‌యార్డులో వెల్డింగ్ పని చేసేవాళ్ళకి ఈ సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. ముసుగు లేకుండా ఆర్క్ వైపు చూస్తే ఆ రాత్రి కళ్ళలో ఇసుక పోసిన మంట, నీళ్ళు కారడం, వెలుతురు చూడలేకపోవడం. ఆర్క్ నుంచి వచ్చే అతినీలలోహిత కిరణాలు కంటి పైపొరను కాల్చడం వల్ల వచ్చే బాధ అది. సరిగ్గా ఇదే బల్లులకీ వచ్చింది. 2000 తర్వాతి దశకంలో మార్కెట్లోకొచ్చిన కొన్ని దీపాలు 290 నానోమీటర్ల కన్నా తక్కువ తరంగదైర్ఘ్యం ఉన్న కిరణాలను కూడా వదిలాయి. ఓజోన్ పొర వల్ల నేల మీద ఎండలో దాదాపు ఉండని కిరణాలు అవి. వాటి కింద పెట్టిన బల్లులు కనురెప్పలు వాచి, కళ్ళు తెరవలేక, తిండి మానేశాయి. దీపం తీసేస్తే కోలుకున్నాయి. ఫ్రాన్సెస్ బెయిన్స్ లాంటివాళ్ళు ఆ దీపాలను ఒక్కొక్కటే కొలిచి లోపం బయటపెట్టారు. కొవిడ్ రోజుల్లో ఇళ్ళలోకి వచ్చిన క్రిమిసంహారక యూవీ-సీ దీపాలు ఇంకా ప్రమాదం, వాటిని ఏ జంతువు మీదా వేయకూడదు. కొత్త దీపం పెట్టాక బల్లి కళ్ళు మూసుకునే ఉంటే మొదట అనుమానించాల్సింది దీపాన్నే.

వేడికి మామూలు హాలోజన్ బల్బు చాలు. ఎండలో లాగే దాని సెగ చర్మం లోపలికి కాస్త దిగుతుంది. సిరామిక్ హీటరు సెగ పైపైనే ఆగుతుంది. కింద నుంచి కాల్చే 'హాట్ రాక్'లు పొట్ట కాల్చేస్తాయి, కొనవద్దు. రాత్రి ఎర్ర బల్బు పెట్టడం కూడా మానాలి. బల్లులకి ఎరుపు కనిపిస్తుంది, నిద్ర చెడుతుంది. విశాఖ రాత్రుల్లో చాలా జాతులకి వేరే వేడి అక్కర్లేదు.

ఇంతా చెప్పాక అసలు మాట. ఈ దీపాల విజ్ఞానమంతా పెరిగింది ఐరోపా, ఉత్తర అమెరికా చలికాలాల్లో. డిసెంబరు నడిమధ్యాహ్నం లండన్‌లో సూర్యుడు దిగంతం నుంచి 15 డిగ్రీలకు మించి పెద్దగా పైకి రాడు. అక్కడ దీపం తప్పదు. విశాఖ ఉన్నది 17.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద. డిసెంబరులో కూడా నడిమధ్యాహ్నం సూర్యుడు 49 డిగ్రీల దాకా ఎక్కుతాడు, మన నీడ మన ఎత్తుకన్నా చిన్నదే. మే రెండో వారంలో ఒకసారి, ఆగస్టు మొదట్లో ఇంకోసారి సరిగ్గా నడినెత్తికి వస్తాడు. భారత ప్రామాణిక కాలానికి ఆధారమైన రేఖాంశం కాకినాడ దగ్గరగా పోతుంది కాబట్టి ఇక్కడ గడియారంలో పన్నెండంటే సూర్యుడి లెక్కలోనూ ఇంచుమించు పన్నెండే. మబ్బు లేని రోజున సూర్యుడి ఎత్తును బట్టి లెక్కవేస్తే, డిసెంబరు మధ్యాహ్నం కూడా యూవీ సూచీ 6 దగ్గర ఉంటుంది. మేలో 11 దాటుతుంది. మే నెలలో ఉదయం ఏడింటికి 1 దగ్గర, ఎనిమిదింటికి 3 దగ్గర. ఫెర్గ్యూసన్ మూడో తరగతి బల్లులు అడవిలో తీసుకునే మోతాదు సరిగ్గా ఈ గంటలో మన డాబా మీద పడుతోంది.

అయితే డాబా మీదకి గాజు పెట్టెను మోసుకెళ్ళడం హత్యతో సమానం. ఎండలో మూసిన గాజు పెట్టె లోపల కొద్ది నిమిషాల్లోనే ప్రాణం పోయేంత వేడెక్కుతుంది. కావాల్సింది అన్ని వైపులా గాలాడే జాలీ పంజరం. సగానికి తాటాకో గోనెపట్టానో కప్పి నీడ, లోపల ఎక్కడానికి ఒక కొమ్మ, నీళ్ళు. జాలీ కన్నాలు పెద్దవిగా ఉంటే మంచిది, కిరణం ఎక్కువ దిగుతుంది. తలుపుకి గొళ్ళెం గట్టిదై ఉండాలి. కాకులు, గద్దలు పైనుంచి చూస్తూనే ఉంటాయి, పక్కింటి పిల్లి సంగతి చెప్పనే అక్కర్లేదు. మనిషి పక్కనే ఉండాలి. బల్లి నోరు తెరిచి, రంగు లేతబడి, నీడ మూలనే అతుక్కుంటే చాలించి లోపలికి తేవాలి. వేసవిలో ఎనిమిదిన్నర దాటితే వేడి పెరుగుతుంది. చలికాలంలో తొమ్మిది తర్వాతే ఎండకి బలం వస్తుంది. ఆరోగ్యంగా ఉన్న ఇగ్వానాకి వారంలో కొన్ని ఉదయాలు ఇలా దొరికితే, తిండిలో మునగాకు లాంటి కాల్షియం ఉన్న ఆకులు ఉంటే ఎముకలకి ఇబ్బంది రాదు. పాలకూర ఎక్కువ పెట్టకూడదు, అందులోని ఆక్సలేట్ కాల్షియాన్ని కట్టేస్తుంది. పురుగులు తినే బల్లులకి కీచురాళ్ళ మీద కాల్షియం పొడి అద్ది పెట్టాలి. పురుగుల్లో ఫాస్ఫరస్ ఎక్కువ, కాల్షియం తక్కువ.

పెంపకానికి ముందు చట్టం కూడా తెలియాలి. ఉడుము 1972 వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉంది, ఇంట్లో ఉంచుకోవడం నేరం. విదేశీ జాతుల్లో ఇగ్వానా లాంటివి, అంటే వన్యప్రాణుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం సైటిస్ జాబితాలోని జీవులు, ఇంట్లో ఉంటే ప్రభుత్వ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలని 2024 ఫిబ్రవరిలో కేంద్రం నియమాలు తెచ్చింది. 2024 అక్టోబరులో విశాఖ విమానాశ్రయంలో థాయిలాండ్ నుంచి వచ్చిన ప్రయాణికుల దగ్గర కేకు ప్యాకెట్లలో దాచిన ఆరు నీలినాలుక బల్లులు పట్టుబడ్డాయి. ఆస్ట్రేలియా ఎండలో తిరగాల్సిన జాతులవి. అలా వచ్చినదాన్ని కొన్నవాళ్ళు ఎన్ని దీపాలు పెట్టినా ఆ ప్రయాణంలో జరిగిన హింసలో భాగస్వాములే. కొనే ముందు కాగితాలు అడగాలి. కాగితాలు లేవంటే వెనక్కి తిరగాలి.

ఫ్లాట్‌లో డాబా తాళం అసోసియేషన్ దగ్గర ఉండేవాళ్ళకి, జూన్ నుంచి అక్టోబరు దాకా వానల్లో అందరికీ, దీపం కావాలి. మబ్బు పలచగా ఉంటే యూవీ బాగానే దిగుతుంది గానీ ముసురు పట్టిన వారాల్లో దాన్ని నమ్ముకోలేం. ట్యూబును పెట్టె పైన, ఒక కొసకి, హాలోజన్ పక్కనే బిగించాలి. బల్లి కూర్చునే కొమ్మకీ ట్యూబుకీ మధ్య దూరం తయారీదారు చెప్పినంత, సాధారణంగా 30 సెంటీమీటర్ల చుట్టుపక్కల. టైమర్‌కి వేసి వేసవిలో 13 గంటలు, చలికాలంలో 11 గంటలు వెలిగిస్తే విశాఖ పగటి పొడవుకి దగ్గరగా ఉంటుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఊళ్ళో రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటి వారం వచ్చినా కంగారు పడక్కర్లేదు, అంతకు ముందు నెలలు సరిగ్గా గడిచి ఉంటే వారం దీపం లేనంత మాత్రాన ఎముకలు కరిగిపోవు. తుఫాను వెలిశాక ఆకాశం తేటపడిన తొలి ఉదయం పంజరాన్ని డాబా మీద పెడితే సరిపోతుంది. ట్యూబు మార్చిన తేదీని మాత్రం దాని పట్టీ మీదే స్కెచ్ పెన్నుతో రాసి ఉంచాలి.